ఇంగ్లీష్ క్లాసులో ఇగ్బో పల్లె: ఒక్క పుస్తకంతో ఒక సంస్కృతి తెలుస్తుందా?

అమెరికాలో పిల్లలు పదో తరగతికి వచ్చేసరికి చాలామంది తెలుగు అమ్మానాన్నలకి ఒక సందేహం వస్తుంది. అది ఇంగ్లీష్ క్లాసు కదా. గ్రామర్ చెప్పాలి, వ్యాసాలు రాయించాలి, మహా అయితే షేక్‌స్పియర్ చదివించాలి. మరి పిల్ల చేతిలో నైజీరియాలోని ఇగ్బో అనే జాతివాళ్ల పల్లెటూరి కథ ఎందుకుంది? పెండలం దుంపల సేద్యం, కుస్తీ పోటీలు, ముసుగు వేసుకుని తీర్పులు చెప్పే పెద్దలు... ఇదంతా చదివితే ఇంగ్లీష్ ఎలా వస్తుంది?

సందేహం న్యాయమైనదే. ముందు అక్కడి ఏర్పాటు చూద్దాం. అమెరికాలో హైస్కూలు అంటే 9 నుంచి 12 తరగతులు. ఇంగ్లీష్ క్లాసంటే భాష నేర్పే క్లాసు కాదు, సాహిత్యం చదివి దాని మీద వాదించడం నేర్పే క్లాసు. చాలా స్కూళ్లు అందులో ఒక ఏడాదిని, ఎక్కువగా పదో తరగతిని, ప్రపంచ సాహిత్యానికి కేటాయిస్తాయి. ఏ తరగతి పిల్లలకి ఏం రావాలో చెప్పే కామన్ కోర్ ప్రమాణాలు 2010లో వచ్చాయి, అవి దీన్ని స్పష్టంగా రాశాయి. అమెరికా బయట పుట్టిన ఒక రచనలో కనిపించే దృక్కోణాన్ని లేదా సాంస్కృతిక అనుభవాన్ని 9, 10 తరగతుల పిల్లలు విశ్లేషించగలగాలి, అది కూడా ప్రపంచ సాహిత్యం విస్తృతంగా చదివిన బలంతో. అదే పత్రం అనుబంధంలో ఈ తరగతులకి ఇచ్చిన నమూనా పుస్తకాల్లో నైజీరియా రచయిత చినువా అచెబె 1958లో ప్రచురించిన నవల ‘థింగ్స్ ఫాల్ అపార్ట్’ ఉంది. పిల్ల చేతిలో ఉన్న పుస్తకం అదే.

చిక్కు కూడా ఆ ప్రమాణంలోనే ఉంది. విస్తృతంగా చదవాలని అది అంటుంది. కానీ స్కూల్లో ఒక నవలకి దొరికేది కొన్ని వారాలు. ఏడాది మొత్తానికి ఆఫ్రికా నుంచి ఒకటి, ఇరాన్ నుంచో అఫ్ఘానిస్తాన్ నుంచో ఒకటి, పాత గ్రీకు నాటకం ఒకటి చదివితే అదే గొప్ప. ఆ ఒక్కదానితోనే ఒక సంస్కృతిని విశ్లేషించమంటారు. పదిహేనేళ్ల పిల్ల ఏం చేస్తుంది? కథలో జరిగినవన్నీ ఏరి, ‘ఇగ్బో సంస్కృతిలో ఇలా చేస్తారు’ అని రాస్తుంది. మార్కులూ వస్తాయి. నవల మాత్రం చేతికి చిక్కదు.

ఎందుకు చిక్కదో తెలియాలంటే ఆ నవల ఎలా పుట్టిందో చెప్పుకోవాలి.

అచెబె 1930లో తూర్పు నైజీరియాలోని ఒగిడిలో పుట్టాడు. తల్లిదండ్రులు క్రైస్తవంలోకి మారినవాళ్లు, తండ్రి మిషన్‌లో బోధకుడు. అచెబెకి పెట్టిన బాప్టిజం పేరు ఆల్బర్ట్. ఇబదాన్‌లో 1948లో మొదలైన యూనివర్సిటీ కాలేజీలో ఇంగ్లీష్ చదువుతున్నప్పుడు, జాయిస్ కేరీ అనే రచయిత నైజీరియా నేపథ్యంతో 1939లో రాసిన ‘మిస్టర్ జాన్సన్’ పాఠంగా వచ్చింది. ఆ పుస్తకంలో తనకి నచ్చింది ఒకే ఒక్క చోటు, జాన్సన్‌ని అతని తెల్ల దొర కాల్చి చంపే చోటు అని ఒక విద్యార్థి లేచి టీచర్ ముఖం మీదే చెప్పాడట. అచెబె తర్వాత రోజుల్లో గుర్తు చేసుకున్న సంగతి ఇది. నైజీరియా పిల్లలకి నైజీరియా గురించిన పుస్తకమని ఇచ్చారు, అందులో వాళ్లకి తెలిసిన మనిషి ఒక్కడూ లేడు. పాఠ్యపుస్తకంలో మన పేరు ఉండి, మనం లేకపోతే ఎలా ఉంటుందో ఆ క్లాసు వాళ్లకి అనుభవమైంది. దానికి జవాబుగా వచ్చిన పుస్తకాల్లో ‘థింగ్స్ ఫాల్ అపార్ట్’ ఒకటి. లండన్‌లో హైన్‌మన్ సంస్థ మొదట వేసింది 2,000 ప్రతులు. నైజీరియాకి స్వాతంత్ర్యం రావడానికి అప్పటికి ఇంకా రెండేళ్లుంది.

అంటే పదో తరగతి పిల్లలు ఇవాళ చదువుతున్న పుస్తకానికి విత్తనం ఒక ఇంగ్లీష్ క్లాసులో పడింది. ఈ సంగతి ముందే చెప్పి పుస్తకం తెరిస్తే చదివే తీరే మారిపోతుంది. పిల్లలు దాన్ని ఆఫ్రికా గురించిన సమాచారంగా కాక, ఒక వాదనలో ఒక పక్షం మాటగా వింటారు.

కథ చాలామందికి తెలిసినదే. ఉమువోఫియా అనే ఊళ్లో ఒకొంక్వో అనే మొనగాడు. తండ్రి ఉనోకా వేణువు వాయించుకుంటూ, అప్పులు చేసుకుంటూ బతికాడు. అలా కాకూడదన్న భయంతోనే ఒకొంక్వో జీవితమంతా నడుస్తుంది. పొరపాటున ఒక కుర్రాడు చనిపోవడానికి కారణమై ఏడేళ్లు ఊరు విడుస్తాడు. తిరిగి వచ్చేసరికి మిషనరీలు, తెల్లవాళ్ల కోర్టు వచ్చేసి ఉంటాయి. చివరికి కోర్టు జవానుని నరికి, తను ఉరి వేసుకుంటాడు. ఆఖరి పేజీలో బ్రిటిష్ జిల్లా కమిషనర్ తను రాయబోయే పుస్తకం గురించి ఆలోచిస్తాడు. ఈ మనిషి కథకి ఒక అధ్యాయం ఇవ్వచ్చు, కాదు, అంత వద్దు, ఒక పేరా చాలు అనుకుంటాడు. ఇరవై అయిదు అధ్యాయాల పాటు మనం చూసిన మనిషి అతనికి ఒక పేరా.

ఈ ముగింపు దగ్గర క్లాసు ఎక్కువసేపు ఆగాలని నా నమ్మకం. నవల చదివిన పిల్లలకి టీచర్ ఇచ్చే పని ఏమిటి? ‘ఇగ్బో సంస్కృతి గురించి ఒక పేరా రాయండి.’ కమిషనర్ చేసిందీ అదే. టీచర్‌కి దురుద్దేశం ఏమీ లేదు, సిలబస్ అలా రాయిస్తుంది. అయినా ఆ పోలికని పిల్లలే కనిపెట్టేలా చేసిన టీచర్ మిగతా పాఠమంతా చెప్పినట్టే.

నవల లోపలికి వెళ్తే ఆ ఒక్క పేరా ఎందుకు సరిపోదో తెలుస్తుంది. పిల్లల వ్యాసాల్లో తరచు వచ్చే వాక్యం, ‘ఇగ్బో సమాజంలో భార్యల్ని కొట్టడం మామూలే’. నిజంగా నవల ఏం చూపిస్తుంది? గొడవలు పడకూడని శాంతి వారంలో ఒకొంక్వో మూడో భార్యని కొడతాడు. భూదేవత పూజారి వచ్చి జరిమానా వేస్తాడు: ఒక ఆడ మేక, ఒక కోడిపెట్ట, ఒక గుడ్డ, వంద గవ్వలు. ఆ జరిమానా కొట్టినందుకా, శాంతి వారం తప్పినందుకా? ఎక్కువగా రెండో దానికే. ఇంకో అధ్యాయంలో పెళ్లాన్ని రోజూ కొట్టే ఉజోవులు అనేవాణ్ణి ముసుగు పెద్దల పంచాయితీకి పిలుస్తారు. కల్లు కుండ పట్టుకుని అత్తవారింటికి వెళ్లి, తిరిగి రమ్మని భార్యని బతిమాలుకోమని తీర్పు. ఇంత చిన్న విషయానికి పెద్దల పంచాయితీ ఎందుకని ఒక ముసలాయన అడుగుతాడు కూడా. కొట్టడం ఉంది, కొట్టడానికి అడ్డు ఉంది, ఆ అడ్డు చాలదని మనకి అనిపించేలా రాయడమూ ఉంది. మూడూ ఒకే ఊరివి.

ఇకెమెఫునా సంగతి ఇంకా గట్టిది. పొరుగూరి నుంచి ఒక హత్యకి పరిహారంగా వచ్చిన ఆ కుర్రాడు మూడేళ్లు ఒకొంక్వో ఇంట్లో పెరుగుతాడు, అతన్ని నాన్నా అంటాడు. దేవత ఆజ్ఞ అని ఊరు అతన్ని చంపాలని నిర్ణయిస్తుంది. ఊళ్లో అందరికంటే పెద్దవాడైన ఎజెయుదు వచ్చి, ఆ పిల్లవాడు నిన్ను నాన్నా అంటాడు, ఆ చావులో నీ చెయ్యి ఉండకూడదు అని హెచ్చరిస్తాడు. ఒకొంక్వో వినడు. పిరికివాడు అంటారేమోనని తనే కత్తి ఎత్తుతాడు. స్నేహితుడు ఒబియెరికా ఆ రోజు ఇంట్లోనే ఉండిపోతాడు, తర్వాత, నువ్వు చేసిన పని భూమికి నచ్చదు అని ముఖం మీదే చెబుతాడు. సంప్రదాయం ఇక్కడ ఎవరి వైపు ఉంది? ఆజ్ఞ ఇచ్చిన దేవత వైపా, వద్దన్న ముసలాయన వైపా, ఇంట్లో కూర్చున్న స్నేహితుడి వైపా? ముగ్గురూ సంప్రదాయం లోపలివాళ్లే.

ఒబియెరికా పాత్రని పిల్లలు ఎక్కువగా పట్టించుకోరు, వీరుడు కాడు కనుక. నాకు మాత్రం ఆ నవలకి గుండెకాయ అతనే. తనకి పుట్టిన కవల పిల్లల్ని ఊరి ఆచారం ప్రకారం అడవిలో వదిలేసి వచ్చినవాడు అతను. ఒకొంక్వోని ఊరు వెళ్లగొట్టాక ఒంటరిగా కూర్చుని, ఆ పసివాళ్లు చేసిన తప్పేమిటని ఆలోచిస్తాడు. జవాబు దొరకదు. ఆచారాన్ని పాటిస్తూనే దాన్ని ప్రశ్నించే మనిషి అతను. ఇదంతా నవల మొదటి భాగంలోనే, తెల్లవాళ్లు ఊళ్లో అడుగు పెట్టకముందే జరుగుతుంది. ఆ ఊరికి తన గురించి తాను ప్రశ్నలు వేసుకోవడం బయటివాళ్లు నేర్పలేదు. మిషనరీలు వచ్చాక ఒకొంక్వో పెద్ద కొడుకు న్వోయే చర్చిలో చేరతాడు. దేవుడి గురించిన తర్కం అతనికి అర్థం కాలేదని అచెబె రాశాడు. అడవిలో ఏడ్చిన కవలలు, చనిపోయిన ఇకెమెఫునా తనలో మిగిల్చిన ప్రశ్నకి మిషనరీలు పాడిన పాటలో ఏదో ఓదార్పు దొరికింది. ఊరు దూరంగా ఉంచిన ఒసు అనే కులం వాళ్లూ చర్చి వైపు నడుస్తారు. కులం సంగతి చదవగానే తెలుగు పిల్లలకి ఏదో ఒకటి స్ఫురించాలి. చాలామందికి స్ఫురించదు, ఎందుకంటే ఇంట్లో ఆ మాట ఎత్తరు.

ఇంతకీ అచెబె పెరిగిందే న్వోయే నడిచిన వైపు ఇంట్లో. వెళ్లిపోయినవాళ్ల ఇంట్లో పుట్టి, మిగిలిపోయినవాళ్ల కథ రాశాడు. అందుకే ఇందులో పాత ఊరిని నెత్తిన పెట్టుకోవడమూ లేదు, వెక్కిరించడమూ లేదు.

కాబట్టి సాంస్కృతిక అస్తిత్వం అనే పెద్ద మాటని క్లాసులో ఎలా పట్టుకోవాలన్న దానికి నవలే దారి చూపిస్తుంది. ఒక సంస్కృతి అంటే ఒకే మాట మీద ఉన్న జనం కాదు. దేని మీద గొడవ పడాలో తెలిసిన జనం. ‘ఇగ్బోలు ఏం నమ్ముతారు?’ అన్న ప్రశ్నకి జాబితా వస్తుంది. ‘ఈ ఊళ్లో ఎవరెవరు దేని గురించి విభేదిస్తున్నారు, ఓడిపోయిన వాదన ఏది?’ అని అడిగితే చదవడం మొదలవుతుంది. కలకత్తాలో 1907లో విశ్వసాహిత్యం మీద చేసిన ప్రసంగంలో టాగోర్ ఇలాంటి మాటే అన్నారు. భూమి అంటే నీ పొలం, నా పొలం, అతని పొలం కలిపిన మొత్తం కాదు, సాహిత్యమూ అంతే. దేశానికొక పుస్తకం లెక్కన పంచే సిలబస్ పొలాల లెక్క దగ్గరే ఆగిపోతుంది.

ఇక భాష. ప్రపంచ సాహిత్యాన్ని ఇంగ్లీష్ క్లాసులో చదవడంలోనే ఒక మెలిక ఉంది. అచెబె ఇగ్బో మనిషి, రాసింది ఇంగ్లీష్‌లో. ఇది సరైనదేనా అన్నది ఆఫ్రికా రచయితల మధ్య పెద్ద చర్చ. 1962లో ఉగాండాలోని మకెరెరెలో ఇంగ్లీష్‌లో రాసే ఆఫ్రికన్ రచయితలు సమావేశమయ్యారు. అక్కడికి వచ్చిన కుర్ర రచయితల్లో కెన్యాకి చెందిన గూగీ వా థియాంగో ఒకడు. ఇంగ్లీష్‌ని వంచి తన అనుభవం మోయించవచ్చని అచెబె నమ్మాడు. గూగీ కొన్ని ఇంగ్లీష్ నవలల తర్వాత ఎదురు తిరిగాడు. 1968లో నైరోబీ యూనివర్సిటీలో మరో ఇద్దరితో కలిసి, ఇంగ్లీష్ డిపార్ట్‌మెంట్‌నే రద్దు చేయాలని, ఆఫ్రికా సాహిత్యాన్ని మధ్యలో పెట్టి మిగతా ప్రపంచాన్ని దాని చుట్టూ చదవాలని ప్రతిపాదించాడు. తర్వాత తన మాతృభాష గికుయులో నాటకం వేయించినందుకు జైలు పాలయ్యాడు. కమితి జైల్లో టాయిలెట్ కాగితం మీద గికుయు నవల రాశాడు. ఇంగ్లీష్‌లో దాని పేరు ‘డెవిల్ ఆన్ ద క్రాస్’. మన వరవరరావు దాన్ని జైల్లో ఉండగా ‘మట్టికాళ్ల మహారాక్షసి’గా తెలుగు చేశారు. ఒక జైల్లో పుట్టిన పుస్తకం ఇంకో జైల్లో తెలుగైంది.

1986లో వచ్చిన వ్యాసాల పుస్తకంలో గూగీ తన స్కూలు రోజుల గురించి రాశాడు. బడిలో గికుయు మాట్లాడుతూ దొరికిన పిల్లలకి బెత్తం దెబ్బలు పడేవి, లేకపోతే ‘నేను గాడిదని’ లాంటి మాటలున్న రేకు మెడలో వేసేవారు. చదువుతుంటే మనకి మైదుకూరు గుర్తొస్తుంది. 2009లో కడప జిల్లాలోని ఆ ఊళ్లో ఒక ఇంగ్లీష్ మీడియం స్కూలు, తెలుగు మాట్లాడినందుకు పిల్లల మెడలో పలకలు వేయించిందన్న వార్త రాష్ట్రమంతా గగ్గోలు పుట్టించింది. కెన్యా పాఠం మనకి దూరం కాదు.

ఈ చర్చ క్లాసులోకి రావాలి. రాకపోతే పిల్లలు అచెబె ఇంగ్లీష్‌లో రాయడాన్ని గాలి పీల్చినంత సహజమనుకుంటారు. నవల పక్కన గూగీ వ్యాసం నుంచి నాలుగు పేజీలు పెట్టడానికి పెద్ద ఖర్చేమీ కాదు. ఒకే ఖండం నుంచి ఇద్దరు ఇంత పెద్ద విషయం మీద విభేదించారని తెలిస్తే, ‘ఆఫ్రికన్ దృక్కోణం’ అని ఏకవచనంలో రాయడానికి చెయ్యి వెనకాడుతుంది.

పుస్తకంలో ఉన్నవాళ్లకి జరిగేది క్లాసులో కూర్చున్నవాళ్లకీ జరుగుతుంది. నైజీరియా రచయిత్రి చిమమాండా అడిచీ 2009లో ఇచ్చిన ప్రసంగం ఇప్పుడు చాలా హైస్కూళ్లలో ఈ నవలకి ముందు చూపిస్తారు. ఒకే కథ ఎంత ప్రమాదమో ఆమె చెప్పింది. పంతొమ్మిదేళ్లకి అమెరికా వచ్చినప్పుడు ఆమె రూమ్మేట్, నీకు ఇంత ఇంగ్లీష్ ఎలా వచ్చిందని ఆశ్చర్యపోయింది. మీ గిరిజన సంగీతం వినిపించమంటే అడిచీ మరియా కేరీ టేపు తీసింది. ఇంకో మాట ఇంతకన్నా ముఖ్యం. ఒక ప్రొఫెసర్ ఆమె నవల నిజమైన ఆఫ్రికాలా లేదన్నాడు, అందులోవాళ్లు కార్లు నడుపుతున్నారు, ఆకలితో చావడం లేదు కనుక. అచెబె నవల ఒక్కటే చదివి ఆపేసిన క్లాసు కూడా ఇలాంటి కొలతే తయారు చేసుకోగలదు. ఆ కథ జరిగేది పందొమ్మిదో శతాబ్దం చివర్లోనని గుర్తు చేయకపోతే, పిల్లలు దాన్ని నైజీరియాలోని ఇవాళ్టి లాగోస్ నగరానికి అంటిస్తారు.

క్లాసులో ఇండియా మాట వచ్చినప్పుడు మన పిల్లల వైపు తలలు తిరుగుతాయి. ‘మీ కల్చర్‌లో ఇది ఎలా ఉంటుంది?’ అని టీచర్ మంచి మనసుతోనే అడుగుతారు. పదిహేనేళ్ల పిల్లకి అది పెద్ద టెన్షన్. ఆమెకి తెలిసింది తన ఇల్లు, వేసవి సెలవుల్లో చూసిన అమ్మమ్మ ఊరు, వీకెండ్ తెలుగు బడి. నూట నలభై కోట్ల మంది తరఫున జవాబు చెప్పమంటే పండగలు, బట్టలు, కూరలు చెప్పి గండం గట్టెక్కుతుంది. అక్కడే ఇంకో తెలుగు పిల్ల ఉంటే, ఆమె ఇల్లు వేరే కులానిదో మతానిదో అయితే, ఆ జవాబులో ఆమెకి చోటు ఉండదు. మెల్లగా నోరు మూసుకుంటుంది. ఒకరిని మొత్తానికి ప్రతినిధిగా నిలబెట్టినప్పుడు రెండోవాళ్లు మాయమవుతారు.

పిల్లల పుస్తకాల మీద పనిచేసిన రుడీన్ సిమ్స్ బిషప్ 1990లో ఒక మాట అంది. పుస్తకం ఒక్కోసారి అద్దం, ఒక్కోసారి కిటికీ, ఒక్కోసారి తోసుకుని అవతలికి వెళ్లగల గాజు తలుపు. అమెరికాలో నల్లజాతి పిల్లలకి అద్దాలు దొరకడం లేదని, తెల్ల పిల్లలకి అద్దాలు తప్ప ఇంకేమీ దొరకడం లేదని ఆమె బాధ. సిలబస్ వేసేవాళ్లు ఈ మాటని బాగా పట్టుకున్నారు. కానీ ఎవరికి అద్దం, ఎవరికి కిటికీ అన్నది పేరు చూసి, రంగు చూసి నిర్ణయిస్తున్నారు. హైదరాబాద్ మూలాలున్న పిల్లకి ముంబై నవల అద్దం కాకపోవచ్చు. తండ్రి అంచనాలకి భయపడి బతికే ఏ ఊరి కుర్రాడికైనా న్వోయే అద్దం కావచ్చు.

ఏ పుస్తకం క్లాసులోకి వస్తుందన్నది టీచర్ ఇష్టం మాత్రమే కాదని కూడా చెప్పుకోవాలి. షికాగో ప్రభుత్వ పాఠశాలల అధికారులు 2013 మార్చిలో, మర్జానె సత్రపి ఇరాన్ బాల్యం మీద గీసిన ‘పెర్సెపొలిస్’ని తీసేయమన్నారు. చిత్రహింసల బొమ్మలు ఏడో తరగతి పిల్లలకి తగవన్నది వాళ్ల కారణం. లేన్ టెక్ హైస్కూలు పిల్లలు రోడ్డెక్కారు. అరిజోనాలో ఇంకా పెద్ద పోరాటమే జరిగింది. 2010లో ఆ రాష్ట్రం చేసిన చట్టంతో టూసాన్ స్కూళ్లలో మెక్సికో మూలాలవాళ్ల చరిత్ర, సాహిత్యం చెప్పే మెక్సికన్ అమెరికన్ స్టడీస్ 2012 జనవరిలో మూతపడింది. ఆ నిర్ణయం వెనక జాతి ద్వేషం ఉందని ఫెడరల్ జడ్జి 2017లో తేల్చారు. అప్పటికి ఆ క్లాసులు పోగొట్టుకున్న పిల్లలు స్కూలు దాటిపోయారు.

మరి తెలుగు? ప్రపంచ సాహిత్యం అనే అరలో మన పుస్తకం ఉందా అంటే హైస్కూల్లో దాదాపు కనబడదు. అనువాదాలే లేవనడానికి వీల్లేదు. గురజాడ ‘కన్యాశుల్కం’ 1892లో మొదటిసారి ప్రదర్శించారు, 1897లో అచ్చయింది. వెల్చేరు నారాయణరావు చేసిన ఇంగ్లీష్ అనువాదాన్ని 2007లో ఇండియానా యూనివర్సిటీ ప్రెస్ వేసింది. పసిపిల్లల్ని ముసలివాళ్లకి అమ్ముకునే ఆచారం మీద ఆ సమాజం లోపలి మనిషే తీసిన గొడవ అది. అందులో గిరీశం ఇంగ్లీష్ ముక్కలతో ఊరంతటినీ బోల్తా కొట్టిస్తాడు, వెంకటేశం ఆ ఇంగ్లీష్ చదువులోనే పరీక్ష తప్పుతాడు, అందరికంటే తెలివిగా నడిచేది మధురవాణి. వలస పాలన, ఇంగ్లీష్ చదువు, ఆచారంతో తగువు... అచెబె నవల కంటే ఆరు దశాబ్దాల ముందే ఇవన్నీ విజయనగరంలో రంగస్థలం ఎక్కాయి. పదో తరగతి క్లాసుకి ఈ రెండిటి జోడీ ఎంత బావుంటుందో.

అయితే గురజాడ ఒక్కడినే ఇచ్చి ఇదీ తెలుగు సంస్కృతి అంటే మళ్లీ కమిషనర్ పేరా దగ్గరికే వెళ్తాం. అందులో ప్రధాన కథంతా అగ్రహారాల చుట్టూ తిరుగుతుంది. దాని పక్కన సుజాత గిడ్ల 2017లో ఇంగ్లీష్‌లో రాసిన ‘ఆంట్స్ అమాంగ్ ఎలిఫెంట్స్’ పెట్టాలి. కాజీపేటలో పెరిగి న్యూయార్క్ సబ్‌వేలో కండక్టర్‌గా పనిచేసిన దళిత రచయిత్రి తన కుటుంబ చరిత్ర చెప్పిన పుస్తకం. తెలంగాణ దళిత రచయిత్రి గోగు శ్యామల కథలు ఇంగ్లీష్‌లోకి 2012లోనే వచ్చాయి. ఈ ముగ్గురి తెలుగు నేల ఒకటి కాదు. ఒకరి ఊళ్లో మిగతా ఇద్దరి ఇల్లు ఎక్కడ ఉంటుందో వెతకమంటే, ఒసు వాళ్లు చర్చి మెట్లు ఎందుకెక్కారో క్లాసుకి వేరే పాఠం అక్కర్లేదు.

ఈ పేర్లు అక్కడి ఇంగ్లీష్ టీచర్‌కి తెలిసే అవకాశం తక్కువ. ఏ యూనిట్‌లో ఏ పుస్తకమన్నది చాలా స్కూళ్లు ఏడాది మొదట్లోనే తల్లిదండ్రులకి పంపిస్తాయి. ఆ కాగితం వచ్చినప్పుడు చదివి, పేరెంట్ టీచర్ మీటింగ్‌లో గ్రేడ్ అడిగాక ఇంకో రెండు నిమిషాలు కూర్చుని, ఈ ముగ్గురు రచయితల పేర్లు రాసి ఇవ్వండి.